లె ప్యూయి నుంచి కోంక్ దాకా అమ్మతో నడవాలి, సలహాలు కావాలి

తూనీగ:

అందరికీ నమస్కారం. నేను లియోన్‌లో ఉంటాను. మే నెలలో అమ్మ నా దగ్గరికి వస్తోంది. ఇద్దరం కలిసి లె ప్యూయి ఆం వెలే నుంచి కోంక్ వరకు, అంటే స్పెయిన్‌లోని సాంతియాగోకి వెళ్లే యాత్రికుల దారిలో ఫ్రాన్స్ వైపు మొదటి 200 కిలోమీటర్లు నడవాలని అనుకుంటున్నాం. జీఆర్ 65 అంటారు కదా, అదే. ఆలోచన నాది కాదు, అమ్మదే. లె ప్యూయిలో అగ్నిపర్వతపు రాయి మీద కట్టిన సాం మిషెల్ చాపెల్ ఫొటో చూసిన దగ్గర్నుంచి అదే మాట.

అమ్మకు 59. రోజూ గంట నడుస్తుంది, ఆయాసం ఏమీ లేదు, బీపీ మందులతో అదుపులో ఉంది. కుడి మోకాలు మాత్రం మెట్లు దిగేటప్పుడు నొప్పి పెడుతుంది, ఎక్కేటప్పుడు ఏం కాదు. ఇంకో సంగతి, పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. పాలు, పెరుగు, జున్ను తింటుంది.

నాకు రెండు వారాలు సెలవు దొరుకుతుంది. దారి అమ్మకు వీలవుతుందా, రోజుకి ఎంత పెట్టుకోవాలి, తిండి ఎలా, జీత్‌లలో (దారి పొడవునా ఉండే యాత్రికుల బసల్లో) అందరితో కలిసి ఒకే గదిలో పడుకోవాల్సిందేనా అన్నవి నా అనుమానాలు. మేం క్రైస్తవులం కాదు, చర్చివాళ్లు నడిపే చోట ఉంటే ఎవరైనా ఇబ్బందిగా చూస్తారేమో అని అమ్మకు లోపల్లోపల బెంగగా ఉంది. పైకి అనడం లేదు గానీ నాకు తెలుస్తోంది. నడిచి వచ్చినవాళ్లు చెప్తే ధైర్యంగా ఉంటుంది.

కొండదారి:

తూనీగ గారూ, రెండు వారాలు సెలవు ఉందంటే పెద్ద చిక్కు తీరినట్టే. చాలామంది ఇదే దూరాన్ని పది రోజుల్లో ముగించేస్తారు, అలా నడవడానికి మీరు ఒప్పుకోకండి.

మోకాలి గురించే ముందు చెప్తాను, మిగతావన్నీ డబ్బుతోనో ఒక ఫోన్‌తోనో సర్దుకునేవి. ఈ దారి గురించి అడిగేవాళ్లంతా ఎక్కుడు ఎంత ఉందని అడుగుతారు. ఎక్కుడు దగ్గర ఆయాసం వస్తే కాసేపు నిలబడితే పోతుంది, దిగుడులో అలా కాదు, ప్రతి అడుగూ మోకాలి మీదే పడుతుంది, నిలబడినంత మాత్రాన తగ్గదు. లె ప్యూయి–కోంక్ మధ్య అలాంటి దిగుడులు నాలుగు ఉన్నాయి. మొదటిది రోష్‌గూద్ నుంచి మోనిస్ట్రోల్ దలియేకి. రెండోది ఓబ్రాక్ ఊరి నుంచి సాం షెలీకి, 8 కిలోమీటర్లలో దగ్గర దగ్గర 500 మీటర్లు కిందికి. మూడోది సాం షెలీ నుంచి లోత్ నది లోయలో ఉన్న సాం కోమ్‌కి, ఇది పొడవుగా అడవిలో పైకీ కిందికీ పోతుంది. నాలుగోది చివరిరోజు కోంక్‌లోకి దిగేది.

వీటిలో నాకు భయం ఉన్నది మొదటిదాని గురించే. రోష్‌గూద్‌లో రాతి మీద సాం జాక్ (సెయింట్ జేమ్స్) పేరుతో చిన్న చాపెల్, పక్కన పాడుబడ్డ బురుజు ఉంటాయి, అక్కడ నిలబడితే అలియే నది లోయంతా కాళ్ల కింద కనిపిస్తుంది. చాలామంది అక్కడ ఫొటోలు తీసుకుని, నీళ్లు తాగి, హుషారుగా దిగడం మొదలుపెడతారు. దారి పైన్ చెట్ల మధ్య నుంచి నిట్టనిలువుగా పడిపోతుంది. కాలు పెట్టిన చోట రాయి దొర్లుతుంది, రాయి లేని చోట చెట్టు వేరు ఉంటుంది, వేరు లేని చోట ఎండిన పైన్ ఆకులు పరిచినట్టు ఉండి జారుతుంది. వాన పడితే అమ్మగారిని అటు తీసుకెళ్లొద్దు, సాం ప్రివా నుంచి మోనిస్ట్రోల్‌కి తారురోడ్డు ఉంది, చుట్టు ఎక్కువే అయినా వాలు మెల్లగా ఉంటుంది. రోడ్డు మీద నడిస్తే యాత్ర కాకుండా పోదు.

చేతికర్రలు రెండూ కావాలి, ఒకటి సరిపోదు. దిగేటప్పుడు కొంచెం పొడవు పెంచుకోవాలి. మే నెల లోపు లియోన్‌లోనే ఫూర్‌వియేర్ కొండ మెట్లు ఉన్నాయి కదా, అమ్మగారు రాగానే కర్రలతో అవి దిగడం అలవాటు చేయించండి. ఎక్కడం కాదు, దిగడం.

రోజుల లెక్క నేనైతే ఇలా వేస్తాను, అన్నీ దాదాపు దూరాలు. లె ప్యూయి నుంచి మోంబొనె 16, అక్కడి నుంచి మోనిస్ట్రోల్ 14, తర్వాత సోగ్ 12. మామూలుగా అందరూ మొదటిరోజే 24 కిలోమీటర్లు సాం ప్రివా దాకా పోతారు, రెండోరోజు పొద్దున్నే బిగుసుకుపోయిన కాళ్లతో ఆ దిగుడు దిగి, వెంటనే అవతలి గట్టు 400 మీటర్లకు పైగా ఎక్కి సోగ్ చేరతారు. ఇక్కడే మోకాళ్లు పాడైపోయేది. దీన్ని మూడు రోజులు చేస్తే ఏ రోజూ కష్టం కాదు. తర్వాత సోగ్ నుంచి దొమేన్ ద్యూ సోవాజ్ 20, అక్కడి నుంచి సాంతాల్బాం 13, ఓమోం ఓబ్రాక్ 15. ఓమోం నుంచి నాస్‌బినాల్ 26 ఉంటుంది, దాన్ని మధ్యలో పల్లెల్లో జీత్‌లు చూసుకుని రెండు ముక్కలు చేయండి. నాస్‌బినాల్ నుంచి సాం షెలీ 17, సాం కోమ్ 16, ఎస్తాం 17, గోలిన్యాక్ 15, కోంక్ 21. మొత్తం పదమూడు రోజుల నడక. ఖాళీ రోజు ఒకటే మిగులుతుంది, దాన్ని ప్రయాణానికి వాడేయకుండా దారిలోనే ఎక్కడో పెట్టుకోండి.

సామాను మాత్రం మోయించకండి. వ్యానుల కంపెనీలు పొద్దున బ్యాగు తీసుకుని సాయంత్రానికి తర్వాతి జీత్‌లో దింపుతాయి, ఒక మజిలీకి ఒక బ్యాగుకి 10 యూరోలు అటూ ఇటూ. ఇద్దరి సామానూ ఒకే బ్యాగులో సర్దితే ఖర్చు సగం అవుతుంది. వెంట నీళ్లు, రెయిన్‌కోటు, మధ్యాహ్నం తిండి, మందులు ఉంటే చాలు.

గోరువెచ్చని:

అన్నం సంగతి నేను చెప్తాను, ఇంట్లో అందరం శాకాహారులమే కాబట్టి ఈ దారి మీద నాకు బాగా తెలిసిన విషయం ఇదే.

జీత్‌లలో దెమి పాన్సియోం అని ఉంటుంది, అంటే రాత్రి భోజనం, పడక, పొద్దున టిఫిన్ కలిపి. మనిషికి 45 నుంచి 55 యూరోల మధ్య అవుతుంది, ఒట్టి పడక అయితే 20 అటూ ఇటూ. భోజనం ఏడింటికి, అందరూ ఒకే బల్ల దగ్గర. సూపు, ఒక ప్రధాన వంట, జున్ను, తీపి. బుక్ చేసేటప్పుడే శాకాహారం అని చెప్పాలి, అక్కడికి వెళ్లాక చెప్తే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు, పొద్దున్నే సరుకులు తెచ్చేసుకుని ఉంటారు. ఒట్టి శాకాహారం అంటే చాలామందికి ఆమ్లెట్ గుర్తొస్తుంది. అందుకని మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, పాలు జున్ను పర్వాలేదు అని విడివిడిగా చెప్పండి. సూపు మాంసం ఉడికించిన నీళ్లతో చేశారా అని కూడా అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

లె ప్యూయి పచ్చ కందిపప్పు లాంటి లాంతీయ్ పప్పు ఆ ప్రాంతానికే పేరు, 1996లో దానికి ఏఓసీ, అంటే ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు చెల్లే గుర్తింపు, వచ్చింది. అగ్నిపర్వతపు నేలలో పండుతుంది, ఉడికినా గింజ చితకదు. హోటళ్లలో మాత్రం అందులో పంది మాంసం ముక్కలు వేసి వండటం మామూలు, పప్పే కదా అని ఆర్డర్ ఇచ్చేయకండి.

ఓబ్రాక్‌లోకి వెళ్లాక అలిగో దొరుకుతుంది. బంగాళదుంపలు మెత్తగా మెదిపి, అందులో తాజా తొమ్ జున్ను, వెన్న, క్రీమ్, వెల్లుల్లి వేసి పెద్ద గిన్నెలో చెక్క గరిటతో కలుపుతూనే ఉంటారు. సరిగ్గా అయిందో లేదో గరిట పైకెత్తి చూస్తారు, మనిషి చేయి ఎంత ఎత్తు లేస్తే అంత ఎత్తుకి తెగకుండా తీగలా సాగాలి. పళ్లెంలో వడ్డించాక ఆ తీగని గరిటతో తెంపాల్సిందే, తనంతట తాను తెగదు. పూర్వం ఓబ్రాక్ మఠంలో యాత్రికులకు పెట్టే రొట్టె వంటకం నుంచి వచ్చిందని చెప్పుకుంటారు, బంగాళదుంప చేరింది చాలా తర్వాత. పక్కన సాసేజ్ పెడతారు, అది లేకుండా ఇమ్మంటే ఇస్తారు. ఒక్క విషయం అమ్మగారిని అడగండి. అక్కడి జున్నుకి పాలు విరగ్గొట్టేది దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో. కొందరికి అది పట్టింపు ఉంటుంది, కొందరికి ఉండదు. తిన్నాక తెలిసి బాధపడేకంటే ముందే చెప్పడం మంచిది.

మధ్యాహ్నం తిండి మీరే చూసుకోవాలి. పల్లెల్లో కిరాణా కొట్లు పన్నెండున్నరకు మూసేసి మూడు తర్వాతే తీస్తారు, ఆదివారం మధ్యాహ్నం నుంచి దాదాపు ఏమీ ఉండవు, సోమవారం చాలా బేకరీలకు సెలవు. సోగ్‌లో, సాంతాల్బాంలో, ఓమోంలో, ఎస్పాలియోంలో సరుకులు బాగా దొరుకుతాయి. సోగ్ దాటి సోవాజ్ వైపు వెళ్లే రోజు, ఓమోం దాటిన రోజు మాత్రం పొద్దున్నే కొనుక్కుని బయల్దేరండి. బ్రెడ్డు, జున్ను, టమాటాలు, వేరుశనగపప్పు, అరటిపళ్లు. నీళ్లకు ఊళ్లలో కుళాయిలు ఉంటాయి, ఓ పొతాబ్ల్ (తాగే నీరు) అని రాసి ఉంటేనే తాగండి. శ్మశానాల గేటు దగ్గర కూడా కుళాయి ఉంటుంది, దారిలో అదే చాలాసార్లు ఆదుకుంటుంది.

వెలుగుబాట:

నేను కొంచెం వేరేగా చెప్తాను. కొండదారి గారి లెక్క బాగుంది గానీ, 59 ఏళ్ల మనిషి మోకాలి నొప్పితో పదమూడు రోజులు వరసగా నడవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ఓమోం ఓబ్రాక్‌లో రైల్వే స్టేషన్ ఉంది. అక్కడ మొదలుపెట్టి కోంక్ దాకా వెళ్తే 112 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రోష్‌గూద్ దిగుడు తప్పిపోతుంది, దారిలో అందమైన భాగమంతా దక్కుతుంది. యునెస్కో 1998లో ఫ్రాన్స్‌లోని ఈ యాత్రా మార్గాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు దారి మొత్తాన్ని కాకుండా కొన్ని ముక్కలనే ఎంచింది. నాస్‌బినాల్ నుంచి సాం షెలీ ఒకటి, సాం కోమ్ నుంచి ఎస్తాం ఒకటి, రెండూ ఓమోం తర్వాతే వస్తాయి.

ఓబ్రాక్ పీఠభూమి గురించి ఎంత చెప్పినా తక్కువే. చెట్టు లేదు, ఇల్లు లేదు, 1300 మీటర్ల ఎత్తున కనుచూపు మేరా గడ్డి, మధ్యలో పేర్చిన రాతి గోడలు, గోధుమరంగు ఓబ్రాక్ ఆవులు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి గీత. మే చివర్లో ఆ గడ్డిలో తెల్లటి నార్సిసస్ పూలు విరబూస్తాయి. దారి పొలాల మధ్య నుంచే పోతుంది, కంచె తీగ కొక్కెం తీసి లోపలికి వెళ్లాక మళ్లీ తగిలించడం మర్చిపోకూడదు, ప్లాస్టిక్ పిడి పట్టుకోవాలి, తీగలో కరెంటు ఉంటుంది. దూడలతో ఉన్న ఆవుల మధ్య నుంచి వెళ్లకుండా దూరంగా చుట్టు తిరగండి.

ఎండ కాస్తే నీడ ఉండదు, మబ్బు దిగితే పది అడుగుల దూరం కనిపించదు. 1120 ప్రాంతంలో అదలార్ అనే దొర ఇక్కడ యాత్రికుల కోసం మఠం, ఆసుపత్రి కట్టించాడు. దారి తప్పినవాళ్లకు వినపడాలని పొగమంచులో గంట కొట్టేవాళ్లు, ఆ గంటకి దారి తప్పినవాళ్ల గంట అనే పేరు. ఆ మఠం చర్చి ఇప్పటికీ ఉంది, లోపల ఏ అలంకారమూ లేదు, గోడలు చూస్తేనే అక్కడి చలికాలం ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. మే 25కి దగ్గరి వారాంతంలో ఆవులను పైకి తోలుకొచ్చే పండగ ఓబ్రాక్ ఊళ్లో జరుగుతుంది. చూడటానికి చాలా బాగుంటుంది, పడక మాత్రం చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. అసాన్సియోం, పాంత్‌కోత్ అనే క్రైస్తవ పండగల సెలవులప్పుడు కూడా అంతే. మే నెల అంటున్నారు కాబట్టి క్యాలెండర్ ముందేసుకుని ఇప్పుడే బుక్ చేయండి.

కొండదారి:

వెలుగుబాట గారూ, ఓబ్రాక్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. అయినా ఓమోం నుంచి మొదలుపెట్టమనడం దగ్గర నేను ఒప్పుకోలేను. అమ్మగారు ఈ నడక కోరుకున్నది లె ప్యూయి ఫొటో చూసి. ఆ ఊరినే వదిలేసి మధ్యలో దిగితే ఆవిడకు దక్కేది వేరే నడక అవుతుంది.

లె ప్యూయి కథెడ్రల్‌లో పొద్దున ఏడింటికి యాత్రికుల మాస్ ఉంటుంది. అయ్యాక ఫాదర్ అందరినీ సాం జాక్ విగ్రహం దగ్గరికి పిలిచి ఏ దేశం నుంచి వచ్చారు, ఎంతదూరం వెళ్తున్నారు అని పేరుపేరునా అడుగుతారు. నమ్మకం ఏమిటని అడగరు. ఎవరెవరో రాసి పెట్టిన ప్రార్థన చీటీలు అక్కడ ఉంటాయి, కావాలనుకున్నవాళ్లు ఒకటి తీసుకుని దారంతా తమతో మోసుకెళ్తారు. తర్వాత చర్చి నట్టనడుమ నేలలో ఉన్న ఇనుప జాలీ తలుపు తెరుచుకుంటుంది. అందరూ ఆ మెట్ల మీదుగా చర్చి కడుపులోంచి దిగి నేరుగా వీధిలోకి వస్తారు, ఎదురుగా ఊరి కప్పులు, కొండలు. 950లో ఇక్కడి బిషప్ గోదెస్కాల్క్ సాంతియాగోకి బయల్దేరాడు, ఫ్రాన్స్ నుంచి వెళ్లినవాళ్లలో మనకు పేరు తెలిసిన తొలి యాత్రికుల్లో ఆయన ఒకరు. సాం మిషెల్ చాపెల్ కట్టించింది కూడా ఆయన హయాంలోనే. దానికి 268 మెట్లు ఎక్కాలి, దిగాలి. కాబట్టి నడక మొదలుపెట్టే ముందురోజు సాయంత్రం కాకుండా, లియోన్ నుంచి ఒకరోజు ముందుగా వచ్చి అది చూసి, మోకాలికి ఒక రాత్రి పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి.

మోకాలు మొరాయిస్తే అప్పుడు ఓమోం ఉండనే ఉంది, అక్కడ రైలెక్కండి. మోనిస్ట్రోల్‌లో కూడా స్టేషన్ ఉంది. మొదట్లోనే తగ్గించుకోవడం కంటే, దారిలో తప్పుకునే చోట్లు తెలుసుకుని బయల్దేరడం మేలు.

తూనీగ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మకు అన్నీ చదివి వినిపించాను. రెన్నెట్ విషయం విని కాసేపు ఆలోచించి, అయితే ఆ అలిగో నువ్వు తిను, నేను చూస్తాను అంది. లె ప్యూయి నుంచే మొదలుపెడతాం, ఓమోం దాకా వెళ్లాక మోకాలు చూసి నిర్ణయించుకుంటాం. రోష్‌గూద్ దిగుడుకి వాన ఉంటే రోడ్డే.

ఇంకా కొన్ని ఉన్నాయి. డార్మిటరీలో పడుకోవడం తప్పదా? అమ్మకు నిద్ర పల్చన, చిన్న చప్పుడుకే లేస్తుంది. నల్లుల గురించి చదివి టెన్షన్‌గా ఉంది. కోంక్ నుంచి తిరిగి రావడం ఎలా? అలాగే కోంక్‌లో ఒక రాత్రి చాలా, రెండు ఉండాలా?

గోరువెచ్చని:

చాలా జీత్‌లలో ఇద్దరికి విడిగా గది ఉంటుంది, కొంచెం ఎక్కువ తీసుకుంటారు. ముందే ఫోన్ చేసి అడగాలి, ఉన్నవి ఒకటీ రెండే కాబట్టి అవే ముందు నిండిపోతాయి. షాంబ్ర్ దోత్ అంటే ఇంట్లోవాళ్లు అద్దెకిచ్చే గది, ఇంకా ప్రశాంతంగా ఉంటుంది. రెండు మూడు రోజులకి ఒకసారి అలాంటిది పెట్టుకుంటే అమ్మగారి నిద్ర సర్దుకుంటుంది. ఇయర్‌ప్లగ్‌లు ఎలాగూ తెచ్చుకోండి.

నల్లుల గురించి అక్కడివాళ్లు చాలా జాగ్రత్తగా ఉంటారు. బూట్లు, బ్యాగు, కర్రలు గుమ్మం దగ్గరే ఉంచమంటారు, గదిలోకి కావాల్సినవి మాత్రం ఒక డబ్బాలోనో బుట్టలోనో పట్టుకెళ్లమంటారు. అది వాళ్ల అనుమానం అనుకోకండి, మన నిద్ర కోసమే. మంచం మీద బ్యాగు పెట్టకండి, అంతే.

డబ్బు మాట మర్చిపోయాను. చిన్న జీత్‌లలో కార్డు తీసుకోకపోవచ్చు, నగదు దగ్గర ఉంచుకోండి, ఎస్పాలియోం లాంటి పెద్ద ఊరు వచ్చినప్పుడు తీసుకోండి. చర్చివాళ్ల దగ్గర, కొన్ని ఇళ్లలో రేటు అని ఉండదు, పెట్టెలో ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. అలాంటి చోట మామూలు జీత్‌లో ఇచ్చేంత వేయండి, ఆ డబ్బుతోనే మర్నాడు వచ్చేవాళ్లకు వండుతారు. రాలేకపోతే తప్పకుండా ఫోన్ చేసి చెప్పండి. మీరు రాలేదంటే కొండల్లో ఏమయ్యారో అని వాళ్లు కంగారు పడతారు.

వెలుగుబాట:

నిర్ణయం బాగుంది, కొండదారి గారి మాటే సరైంది, ఆవిడ కోరిక లె ప్యూయి కదా.

కోంక్‌లో రెండు రాత్రులు ఉండండి, ఖాళీ రోజు అక్కడ ఖర్చు పెట్టినా నష్టం లేదు. చర్చి గుమ్మం మీద చివరి తీర్పు శిల్పం ఉంది, 12వ శతాబ్దానిది, అందులో 124 బొమ్మలు. అందరూ నరకం వైపు చూస్తారు, అటు చూసేందుకు చాలా ఉంది మరి. అమ్మగారికి రెండు చూపించండి. ఎడమవైపు కింద, ఆ చర్చి ఎవరి పేరున ఉందో ఆ సాంత్ ఫువా మోకరిల్లి నేలకు వంగి ఉంటుంది, మబ్బులోంచి దేవుడి చేయి ఒక్కటే వచ్చి ఆమె తలను తాకబోతుంటుంది, వెనక ఆమె విడిపించిన ఖైదీల సంకెళ్లు వేలాడుతుంటాయి. పన్నెండేళ్ల పిల్ల, అజాంలో ప్రాణం పోగొట్టుకుంది. రెండోది, తోరణం బయటి అంచున రాతిని పట్టీలా చెక్కి, దాని వెనక నుంచి కళ్లు, ముక్కు మాత్రమే బయటపెట్టి తొంగి చూసే చిన్న చిన్న ముఖాలు. వేళ్లతో అంచు పట్టుకుని ఉంటారు. చెప్పకపోతే కనబడవు.

లోపల కిటికీలకు రంగు అద్దాలు ఉండవు. రోదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సూలాజ్ చేసిన 104 అద్దాలు 1994లో బిగించారు, ఒట్టి తెల్లటి పాలలాంటి గాజు, నల్లటి వంపు గీతలు. పొద్దున నీలంగా, సాయంత్రం ఎర్రగా మారుతుంటాయి. సీజన్‌లో రాత్రి ప్రార్థన అయ్యాక మఠం బ్రదర్ బయట నిలబడి శిల్పం కథ చెప్తారు, ఫ్రెంచ్‌లోనే, మీరు పక్కన నిలబడి అమ్మగారికి చెప్పొచ్చు. తర్వాత లోపల ఆర్గన్ వాయిస్తుండగా పై వరండాల్లోకి ఎక్కనిస్తారు. ఆ మఠంలోనే యాత్రికులకు పడకలు ఇస్తారు, మతం సంగతి అక్కడా ఎవరూ అడగరు. క్రెదాంసియాల్ అనే యాత్రికుల కార్డు చూపిస్తే చాలు, లె ప్యూయి కథెడ్రల్‌లో తీసుకోండి, దారిలో ప్రతి జీత్‌లో ముద్ర వేస్తారు.

దారిలో ఇంకొక చోటు ఆగండి, సాంతాల్బాంలో. అక్కడి కోటలో మొదలైన మానసిక వైద్యశాల ఉంది, దారి దాని ఆవరణ పక్క నుంచే పోతుంది, తెలియక అందరూ దాటిపోతారు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ మానసిక ఆసుపత్రుల్లో 40 వేల మందికి పైగా రోగులు ఆకలితో, చలితో చనిపోయారు. ఇక్కడ ఫ్రాంస్వా తోస్కెల్ అనే కాటలాన్ డాక్టరు, ఆయన తోటివాళ్లు రోగులను బయటికి తీసుకొచ్చి చుట్టుపక్కల రైతుల దగ్గర పని చేసి తిండి సంపాదించుకునేలా చేశారు, అలా కాపాడుకున్నారు. నాజీల నుంచి తప్పించుకున్న కవి పోల్ ఎలువార్ కూడా 1943లో ఇక్కడే తలదాచుకున్నాడు. యాత్రికుల దారి మీద చర్చిలన్నిటికీ బోర్డులు ఉన్నాయి, దీని గురించి కూడా నడిచేవాళ్లందరికీ తెలియాలని నా కోరిక.

కొండదారి:

తిరుగు ప్రయాణానికి: కోంక్‌లో రైలు లేదు. సామాను వ్యానుల కంపెనీలే సీజన్‌లో మనుషులను కూడా లె ప్యూయికి తీసుకెళ్తాయి, సీటు ముందే బుక్ చేసుకోవాలి. లేదంటే టాక్సీలో రోదెజ్ వెళ్లి రైలెక్కండి. మీకు లియోన్ కాబట్టి లె ప్యూయికి వ్యాను, అక్కడి నుంచి టీఈఆర్ (ప్రాంతీయ) రైలు తేలిక.

దారి గుర్తుల గురించి ఎవరూ చెప్పలేదు. తెలుపు, ఎరుపు అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి ఉంటే దారి సరైనదే. అవే రంగులు గుణకారం గుర్తులా ఉంటే అటు పోవద్దని. చెట్ల మీద, గోడల మీద, కరెంటు స్తంభాల మీద వేసి ఉంటాయి. పావుగంట నడిచినా ఒక్కటీ కనిపించకపోతే వెనక్కి తిరిగి చివరిగా చూసిన గుర్తు దాకా రండి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, మార్జెరీద్ కొండల అడవుల్లో సిగ్నల్ పోతుంది. ఎమర్జెన్సీకి 112.

మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ పెట్టండి. మోంబొనె, సోవాజ్ ముందు బుక్ చేయండి, ఆ రెండు చోట్ల పడకలు తక్కువ, దగ్గరలో వేరే ఊరు లేదు. ఫ్రెంచ్‌లో ఫోన్ చేయడం ఇబ్బంది అనిపిస్తే ఏం చెప్పాలో నేను రాసి పెడతాను, గుడ్డు సంగతితో సహా.